పందెం కాయనివ్వండి, కారణం చెప్పండి

నాటక పరిషత్తుల న్యాయనిర్ణేతలకు నమస్కారం.

పాతికేళ్లకు పైగా మిమ్మల్ని వెనకనుంచి చూస్తున్నవాణ్ణి. ముందువరసలో తెల్లగుడ్డ పరిచిన బల్ల, బల్లమీద చిన్న దీపం, ఆ వెలుగులో మూడు తలలు. మూడు నీళ్ల సీసాలు, మూడు అట్టలు, అట్టలకు బిగించిన మార్కుల కాగితాలు. నాటిక నడుస్తున్నంతసేపూ మాలో సగంమంది వేదికను చూస్తే, సగంమంది మీ తలల్ని చూస్తుంటాం. మధ్యాయన తల పంకించాడంటే ఒక లెక్క. ఆ చివరాయన కలానికి మూత పెట్టేశాడంటే ఇంకో లెక్క. అమ్మగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారంటే ఇక ఆ నాటక సమాజానికి ఏదో ఒక బహుమతి ఖాయమని వెనకవరసలో గుసగుసలు మొదలవుతాయి. కళ్లజోడుకు దుమ్ము పట్టి ఉండవచ్చునన్న ఆలోచన ఆ క్షణాన ఎవరికీ రాదు.

ఈ ఉత్తరం ఫిర్యాదు కాదు. ఫలానా ఏడాది ఫలానా బహుమతి అన్యాయమని తవ్వి తీయడానికి రాయడం లేదు. ఫలితాన్ని ముందే ఊహించడం మా అలవాటు. ఫలితం చెప్పేసి ఊరుకోవడం మీ అలవాటు. మా అలవాటును కాస్త గౌరవించమనీ, మీ అలవాటును కాస్త మార్చుకోమనీ అడగడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు మా సంగతి చెబుతాను. పరిషత్తు జరిగే ఊళ్లో కళావేదిక వెనక, జనరేటరు మోత వినబడే దూరంలో ఒక టీకొట్టు ఉంటుంది. ఒక నాటిక సెట్టు విప్పి ఇంకో నాటిక సెట్టు కట్టే అరగంటలో అసలు తీర్పులన్నీ అక్కడే వెలువడతాయి. మా ప్రాంతంలో ఆ కోర్టుకు పెద్ద జడ్జి ఒక మేకప్ బాబాయి. పేరు చెప్పను, చెబితే రేపు ఏ సమాజమూ ఆయన్ని పిలవదు. ఒకే రాత్రి రెండు మూడు సమాజాలకు రంగు వేస్తాడు కాబట్టి ఎవరి చెంప అదురుతోందో, ఎవరు గోడవైపు తిరిగి ఆఖరి పేజీ డైలాగులు వల్లె వేసుకుంటున్నారో ఆయనకు మూడో గంట కొట్టకముందే తెలుసు.

ఆయన దగ్గర కొన్ని సూత్రాలున్నాయి. మొదటిది: మొదటి రాత్రి మొదటి నాటికకు ఉత్తమ ప్రదర్శన రాదు. "పాపం వాళ్లేం చేస్తార్రా, ముందే తొంభై వేసేస్తే రేపు ఇంతకన్నా మంచిది వచ్చినప్పుడు ఎక్కడికి పోతారు? అందుకని డెబ్బై దగ్గర ఆగి చూస్తారు" అనేవాడు. రెండోది: ఉత్తమ నటుడు తాగుబోతన్నా కావాలి, మతిపోయినవాడన్నా కావాలి, పక్షవాతం వచ్చిన తండ్రన్నా కావాలి. మామూలుగా నిలబడి మామూలుగా మాట్లాడి, మన పక్కింటాయనలా అనిపించినవాడికి చప్పట్లుంటాయి గాని బహుమతి ఉండదు. "కాలు కుంటితే పది మార్కులు, చెయ్యి వణికితే ఇంకో పది." మూడోది: తల్లిదండ్రుల్ని వృద్ధాశ్రమంలో దింపే నాటికలు ఒకే పోటీలో రెండు పడితే ఒకదాన్నొకటి మింగేసి, మధ్యలో మూడోది గట్టెక్కుతుంది. నాలుగోది అన్నిటికన్నా గట్టిది: ఉత్తమ ప్రదర్శన ఒకరికిచ్చి, ఉత్తమ రచన వేరేవాళ్లకిచ్చి, దర్శకత్వం ఇంకొకరికిచ్చి అందర్నీ చల్లగా సాగనంపుతారు. దీనికి ఆయన పెట్టిన పేరు పెళ్లివారి తాంబూలం.

ఈ సూత్రాలతో ఆయన ఎక్కువసార్లు నెగ్గేవాడు. మా పందేలు టీకీ పకోడీకీ మించవు. అయినా చూడండి, ఆ పందెం కోసం మేం ప్రతి నాటికనూ మొదటినుంచీ చివరిదాకా చూస్తాం. రాత్రి పన్నెండింటికి వేసే నాటికకు కూడా కుర్చీల్లో జనం మిగిలారంటే అందులో సాహిత్యాభిమానం ఎంతో, పకోడీ పందెం ఎంతో నేను విడదీసి చెప్పలేను. పందెం కాసేవాడు ఉత్తినే చూడడు. సెట్టులో కిటికీ ఎటువైపు తెరుచుకుంటుందో, తండ్రి పాత్ర చొక్కాకు రెండో రంగంలో చిరుగు ఉందో లేదో అన్నీ గమనిస్తాడు. మీ మార్కుల కాగితంలో ఉన్న గడులే వాడి బుర్రలోనూ ఉంటాయి: రచన, దర్శకత్వం, వాచికం, ఆహార్యం, రంగాలంకరణ, రంగోద్దీపనం, సంగీతం.

ఇలా ఊహించడం మన టీకొట్లలో పుట్టిన జబ్బేమీ కాదు. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే నాటకాలకు ఏటా ఇచ్చే టోనీ బహుమతుల చుట్టూ ఈ జోస్యం ఒక పెద్ద పరిశ్రమగానే నడుస్తుంది. 1947లో మొదలైన బహుమతులివి. ఆంటోనెట్ పెర్రీ అనే రంగస్థల దర్శకురాలి ముద్దుపేరే టోనీ. బ్రాడ్‌వే కింద లెక్కకొచ్చే థియేటర్లు 41. వాటిలో ఆడిన నాటకాలనే పరిశీలిస్తారు. నామినేటర్ల బృందం ఒకటి అన్నిటినీ చూసి మే నెల మొదట్లో నామినేషన్లు ప్రకటిస్తుంది. ఎనిమిది వందల పైచిలుకు ఓటర్లు ఓట్లేస్తే జూన్‌లో విజేతలు తేలతారు. ఈ మధ్యలో నెలరోజుల పైచిలుకు పత్రికల విమర్శకుల దగ్గర్నుంచి టికెట్ల క్యూలో నిలబడ్డవాళ్ల దాకా అందరూ మేకప్ బాబాయిలే. ఎవరు గెలుస్తారు, ఎవరు గెలవాలి, ఎక్కడ తారుమారయ్యే అవకాశముంది అని మూడు గళ్లు గీసుకుని కూర్చుంటారు.

అక్కడి తారుమార్ల కథలు వింటే మన టీకొట్టుకు రెండు నెలల సరుకు. 1976లో 'షికాగో' అనే సంగీత నాటకానికి 11 నామినేషన్లు వచ్చాయి. ఒక్కటంటే ఒక్క బహుమతి రాలేదు. ఆ ఏడు 'ఎ కోరస్ లైన్' తొమ్మిది ఊడ్చుకుపోయింది. అంతటితో అయిపోయిందనుకుంటాం కదా. 1996లో 'షికాగో'ను మళ్లీ వేశారు. మరుసటి ఏడు ఆరు టోనీలు తెచ్చుకుని, ఆ ప్రదర్శన ఇప్పటికీ ఆడుతూనే ఉంది. 'మెరిలీ వీ రోల్ అలాంగ్' సంగతి ఇంకా విచిత్రం. స్టీఫెన్ సాండ్‌హైమ్ స్వరపరిచిన ఆ నాటకం 1981లో 16 ప్రదర్శనలకే మూతపడింది. 2024లో ఉత్తమ పునఃప్రదర్శన బహుమతి దానిదే. అప్పటికి సాండ్‌హైమ్ కన్నుమూసి మూడో ఏడు నడుస్తోంది. కథ వెనకనుంచి ముందుకు నడిచే నాటకం అది. దాని బతుకూ అలాగే నడిచింది.

మన ఏకగ్రీవాలకు అలవాటుపడ్డవాళ్లకు 2021 సెప్టెంబరులో జరిగిన సభ బాగా నచ్చుతుంది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో థియేటర్లు మూసేశారు. దాంతో ఆ సీజనులో సంగీత నాటకాల ఉత్తమ నటుడి విభాగంలో ఒక్కడే నామినీ మిగిలాడు, 'మూలా రూజ్' నాటకంలో వేసిన ఏరన్ ట్వీట్. మన పంచాయతీ ఎన్నికల్లో అయితే అక్కడికక్కడే దండ వేసి ఊరేగిస్తారు. వాళ్లు అలా ఊరుకోలేదు. పోటీ లేకపోయినా ఓటింగు జరుగుతుంది, ఓటేసినవాళ్లలో 60 శాతం మంది ఒప్పుకుంటేనే బహుమతి అని నియమం పెట్టారు. గెలిచాడనుకోండి. కానీ ఒంటరిగా పరుగెత్తేవాడు కూడా ఓడిపోయే వీలున్న పందెం నేను అదొక్కటే విన్నాను. అదే సభలో 'స్లేవ్ ప్లే' అనే నాటకానికి 12 నామినేషన్లుండి చేతికి ఏమీ దక్కలేదు.

నా అభిమాన తారుమారు మాత్రం 2004 నాటిది. 'వికెడ్' అని మంత్రగత్తెల కథ, బోలెడంత ఖర్చుతో వేసింది. పది నామినేషన్లు. అందరి జోస్యమూ దానిమీదే. దానికి ఎదురు 'ఎవెన్యూ క్యూ' అని చేతిబొమ్మలతో ఆడే చిన్న నాటకం. తీరా చూస్తే ఉత్తమ సంగీత నాటకం, ఉత్తమ రచన, ఉత్తమ సంగీతం మూడూ బొమ్మలవాళ్లకే పోయాయి. ఎందుకని తరచి చూస్తే నాటకం బాగోగులతో పాటు ఇంకో లెక్క కూడా కనిపిస్తుంది. ఓటర్లలో నటులూ రచయితలే కాదు, న్యూయార్క్ బయట ఊరూరా నాటకాలు తెప్పించి ఆడించే కాంట్రాక్టర్లూ ఉంటారు. గెలిచిన నాటకం తమ ఊరికి వస్తే తమకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. అందుకని ఊళ్లు తిరగగల నాటకానికి ఓట్లు పడతాయని అక్కడి జోస్యులు ఎప్పుడూ ఓ గీత గీసి పెట్టుకుంటారు. తమాషా ఏమిటంటే, గెలిచాక 'ఎవెన్యూ క్యూ' నిర్మాతలు ఊళ్లు తిరగబోమనీ, లాస్ వేగస్‌లో ఒకేచోట ఆడతామనీ ప్రకటించారు. ఓటేసిన కాంట్రాక్టర్లు భగ్గుమన్నారు. ఓడిపోయిన 'వికెడ్' 2003లో మొదలైంది, ఈనాటికీ ఆడుతోంది.

మొన్న 2025 జూన్‌లో కూడా జోస్యులకు నిద్రపట్టని విభాగం ఒకటుంది. నటనకు అత్యధికంగా ఆరు టోనీలు అందుకున్న ఆడ్రా మెక్‌డొనాల్డ్ ఒకవైపు, పాప్ పాటల బృందంనుంచి వచ్చిన నికోల్ షెర్జింగర్ ఒకవైపు. షెర్జింగర్ గెలిచింది. అదే రాత్రి ఉత్తమ సంగీత నాటకం 'మేబీ హ్యాపీ ఎండింగ్'. పాతబడిపోయి యజమానులు వదిలేసిన రెండు రోబోల ప్రేమకథ అది. పుట్టింది దక్షిణ కొరియాలోని సియోల్‌లో. బ్రాడ్‌వేకి వచ్చిన కొత్తల్లో టికెట్లు అంతంతమాత్రంగా తెగిన నాటకం, సభ నాటికి ఆరు బహుమతులు పట్టుకెళ్లింది.

అక్కడ అంతా ధర్మరాజులే ఉన్నారని నేననడం లేదు. కాంట్రాక్టర్ల లెక్కలు ఇప్పుడే చెప్పాను. ప్రచారాలుంటాయి, ప్రకటనలుంటాయి. ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో బయటపెట్టరు. అయినా ఓడిపోయినవాడికి రెండు విషయాలు తెలుస్తాయి: తనతో పోటీలో ఉన్నది ఎవరు, తనకు ఓటు వేయాల్సినవాళ్లు ఎలాంటివాళ్లు. అందుకే అక్కడ ఫలితం తారుమారైతే పదేళ్లు చర్చ నడుస్తుంది. మనదగ్గర తారుమారైతే తెల్లారేసరికి వదంతి పుడుతుంది. ఆ సమాజం పెద్ద ఫలానావారి తోడల్లుడనీ, ఈ న్యాయనిర్ణేత ఫలానా కులమనీ, నిర్వాహకుల ఇంట్లో భోజనం చేశాడనీ మొదలవుతుంది. కారణం చెప్పకపోతే ఆ ఖాళీలో మొలిచేవి ఇవే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఊరూ పరిషత్తూ వద్దు.

ఒకప్పుడు నేనూ ఒక సమాజంలో చిన్న వేషాలు వేసేవాణ్ణి. మా నాటికలో పొలం అమ్మి కొడుకుని చదివించిన తండ్రి, పట్నం పోయి తిరిగిరాని కొడుకు. చివర్లో కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరం తెచ్చిచ్చే పోస్టుమాన్ని నేను. "ఉత్తరం, పెదనాన్నా" అని చేతిలో పెట్టి సైకిలు తోసుకుంటూ వెళ్లిపోవడం నా పాత్ర. తర్వాత తండ్రి ఆ ఉత్తరం చదువుతూ చదువుతూ కుప్పకూలిపోతాడు. వేసిన ప్రతిచోటా ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఆ రాత్రి కూడా అంతే. పోటీలో ఉన్న ఇంకో సమాజం దర్శకుడు వచ్చి మావాడి చెయ్యి పట్టుకుని, "ఈసారి మీదేనండీ" అన్నాడు. టీకొట్టు మొత్తం మా మీదే కాసింది. మేకప్ బాబాయి కూడా.

రాత్రి ఒంటిగంట దాటాక ఫలితాలు చదివారు. మాకు వచ్చింది రంగాలంకరణ ఒక్కటే. మావాళ్లు ఆ జ్ఞాపిక పట్టుకుని వేదిక దిగుతుంటే, మా సెట్టులో ఉన్నదల్లా ఒక నులకమంచం, ఒక తులసికోట కదా అని నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు. బస్టాండుకు వెళ్లే దారి పొడుగునా మావాళ్లు న్యాయనిర్ణేతల వంశవృక్షాలు తిరగేశారు.

తెల్లవారుజామున అయిదింటికి బస్టాండులో సిమెంటు బల్లమీద ఆ ముగ్గురిలో ఒకాయన ఒంటరిగా కూర్చుని ఉన్నారు. పక్కన గుడ్డసంచి, సంచిలోంచి రాత్రి కప్పిన శాలువా అంచు కనిపిస్తోంది. ఆయన బస్సు రాలేదు. మావాళ్లెవరూ కదలకపోతే నేనే వెళ్లాను.

"మాస్టారూ, నమస్కారమండీ. రాత్రి పోస్టుమాన్ వేషం నాది. ఒక్కమాట అడగొచ్చా?"

"కూర్చో అబ్బాయ్" అన్నారు. నేనడక్కముందే ఆయనే అందుకున్నారు. "మీ తండ్రి పాత్రకు చదువొచ్చా?"

ఆలోచించాను. "రాదండి."

"రాదు. మొదటి రంగంలో పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించారు. బాగా వేయించారు, వేలు వణికించి మరీ వేశాడు. ఆ వణుక్కి నేను మార్కులు కూడా వేశాను. మరి ఆఖర్న ఉత్తరం ఎలా చదివాడు?"

నాకు నోట మాట రాలేదు. ఆ నాటిక అప్పటికి పధ్నాలుగుసార్లు వేశాం. రాసినవాడికి తట్టలేదు, దర్శకుడికి తట్టలేదు, చదివినవాడికి తట్టలేదు.

"జనం ఏడ్చారు, నాకూ కళ్లు చెమర్చాయి" అన్నారాయన. "కానీ అక్కడ నా కలం ఆగిపోయింది. ఇంకోటి చెప్పనా? చదువురాని ముసలాయన చేతిలో ఉత్తరం పెట్టి, చదివి చెప్పకుండా సైకిలెక్కి వెళ్లిపోయే పోస్టుమాన్ ఏ ఊళ్లో ఉంటాడయ్యా?"

ఇంతలో ఆయన బస్సు వచ్చింది.

తర్వాతి పరిషత్తుకు ఆ ఘట్టం మార్చాం. పోస్టుమాన్ తొందరలో వెళ్లిపోబోతుంటే తండ్రి ఆపుతాడు. "పై ఊరికి పోవాలి పెదనాన్నా" అని నేను తప్పించుకుంటాను, ఎందుకంటే ఆ ఉత్తరంలో ఏముందో నాకు ముందే తెలుసు. అప్పుడు పక్కింటి రెండో తరగతి పిల్లను పిలిచి చదివిస్తాడు. ఆ పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగుతూ, అర్థం తెలియకుండా చదువుతుంది. తండ్రికి అర్థమవుతూ ఉంటుంది. పాత ఘట్టం ఈ కొత్తదాని కాలిగోటికి చాలదు. ఆ పరిషత్తులో మాకు ద్వితీయ ఉత్తమ ప్రదర్శన వచ్చింది, ఆ పిల్లకు బాలనటి బహుమతి వచ్చింది. నా రెండు మాటల వేషానికి ఒక అంతరాత్మ వచ్చింది.

అంతా ఆ రోజు బస్సు ఆలస్యమైనందువల్ల జరిగింది. తెలుగు నాటకం బాగుపడటం బస్సుల ఆలస్యం మీద ఆధారపడకూడదనే నా బాధ.

మరి వేదికమీద ఏం జరుగుతోంది? ఆఖరి రాత్రి ఫలితాలకు ముందు మీలో ఒకరు మైకు అందుకుంటారు. అన్ని నాటికలూ దేనికదే గొప్పగా ఉందంటారు. పోటీ హోరాహోరీగా సాగిందనీ, ఎంపిక కత్తిమీద సాము అయిందనీ, గెలుపోటములు సహజమనీ, నాటకరంగాన్ని బతికించుకోవాలనీ అంటారు. అక్షరం మార్చకుండా ఈ మాటలు ఎన్ని ఊళ్లలో విన్నానో. బస్టాండులో అయిదు నిమిషాల్లో అంత చక్కగా చెప్పగలిగిన మనిషి, ముందురోజు రాత్రి మైకులో చెప్పింది కూడా ఇదే. ఆయనకు తెలియక కాదు కదా.

మన పోటీలకు చిన్న చరిత్రేమీ లేదు. సురభి వనారస గోవిందరావుగారి చొరవతో 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ తర్వాత ఊరూరా పరిషత్తులు వెలిశాయి. సినిమా వచ్చి, టీవీ వచ్చి, చేతిలోకి ఫోను వచ్చాక కూడా తెలుగులో కొత్త నాటికలు పుడుతున్నాయంటే ఆ పుణ్యంలో పెద్దవాటా ఈ పోటీలదే. 1998 నుంచి ప్రభుత్వమే నంది నాటకోత్సవాలు మొదలుపెట్టి స్వర్ణ, రజత, కాంస్య నందులిచ్చింది. 2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ఆ ఉత్సవం జరిగింది. అక్కడైనా, పల్లెటూరి పరిషత్తులోనైనా, రాసేవాడు మీ తీర్పును బట్టే వచ్చే ఏడు ఏం రాయాలో నిర్ణయించుకుంటాడు. వణికే చేతికి ఒక ఏడు బహుమతి ఇచ్చారంటే మరుసటి ఏడు ప్రతి సమాజంలోనూ ఒక చెయ్యి వణుకుతుంది. మీరు ఆ చేతికి ఇచ్చింది వణుకు చూసి కాకపోవచ్చు, వణుకుతూనే కాఫీ ఒలకకుండా పట్టుకున్న ఒడుపు చూసి కావచ్చు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? మేకప్ బాబాయి సూత్రాలన్నీ మీ మౌనంలోంచి పుట్టినవే.

అందుకని మూడు కోరికలు.

ఆఖరి నాటిక తెర దించాక ఫలితాలకు ముందు సన్మానాలు గంటసేపు సాగుతాయి కదా. ఆ గంట మొదట్లోనే ఒక్కో విభాగానికి మూడేసి పేర్లు చదివించండి, చాలు. ఫలితం ఏమిటో చెప్పొద్దు. శాలువాలు కప్పుతున్నంతసేపూ జనం లేచిపోకుండా పందేలు కాసుకుంటారు. ఆ ముగ్గురిలో తన పేరు విన్న కుర్రాడికి, గెలవకపోయినా ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది.

రెండోది, ఉత్తమ ప్రదర్శనకూ ఉత్తమ రచనకూ ఒక్కో వాక్యంలో కారణం చెప్పండి. గొప్పగా ఉంది అని కాదు. ఫలానా రంగంలో ఫలానా చోట ఇలా చేశారు, అది మమ్మల్ని పట్టుకుంది అని. బ్రాడ్‌వేవాళ్లకు ఈ అవకాశం లేదు. ఎనిమిది వందల మంది ఒక కారణం చెప్పలేరు. మీరు ముగ్గురే. ఈ ఒక్క విషయంలో ఏడాదికోసారి వెలుగులు విరజిమ్మే ఆ సభకన్నా, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్న మన సభ గొప్పది కాగలదు.

మూడోది, మీ ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదరనప్పుడు కుదరలేదనే చెప్పండి. ఇద్దరు ఇటు, ఒకరు అటు అని తెలిస్తే ఓడిపోయిన సమాజానికి ఆ ఒక్కరే ఏడాదికి సరిపడా ఊపిరి.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. పేర్లు ముందే చదివితే లేనివాళ్లు గొడవకు దిగుతారు. కారణం చెబితే ఎదురు కారణం అడుగుతారు. మీకిచ్చే పారితోషికం దారిఖర్చులకు బొటాబొటీ. పైగా మనది చిన్న లోకం. ఈ ఏడు మీ ముందు నాటిక వేసిన దర్శకుడు వచ్చే ఏడు మీ నాటికకు న్యాయనిర్ణేతగా కూర్చోవచ్చు. ఇవన్నీ నిజమే. కానీ గొడవ ఇప్పుడు మాత్రం లేదా? ఇప్పుడది మీకు వినబడని చోట, వ్యానుల్లోనూ బస్టాండుల్లోనూ మీ పుట్టుపూర్వోత్తరాలమీద జరుగుతోంది. అదే గొడవ మొదటి రంగంలో వేలిముద్ర మీద జరిగితే మీ పరువూ నిలుస్తుంది, నాటకానికీ పని జరుగుతుంది.

మాటతో సరిపెట్టడం నాకిష్టం లేదు కాబట్టి, వచ్చే సీజనుకు నా జోస్యం ఇక్కడే రాసిపెడుతున్నాను. ఉత్తమ ప్రదర్శన: విదేశాల్లో ఉన్న పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడే వృద్ధదంపతుల నాటిక ఏదో ఒకటి. ఉత్తమ నటుడు: అందులో మతిమరుపు వచ్చిన తండ్రి. ఉత్తమ ప్రతినాయకుడు: వడ్డీవ్యాపారి కాలం పోయింది కాబట్టి, లోన్‌యాప్ వసూళ్ల ఏజెంటు. తారుమారయ్యే అవకాశం: సెట్టుకు డబ్బుల్లేక రెండు కుర్చీలు, ఒక బల్బుతో వచ్చే కాలేజీ కుర్రాళ్ల నాటిక. అందులో ఎవరూ వణకరు, ఎవరూ కుంటరు. ఇద్దరు మామూలు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటారు. మొదటి రాత్రి మొదటి నాటికగా పడుతుంది. దానికి బహుమతి వస్తే బాబాయి సూత్రాలు రెండు ఒకేసారి పోతాయి.

ఈ కాగితం నకలు ఒకటి టీకొట్టు స్తంభానికి అంటించి పెడతాను. తప్పితే ఆ రాత్రి టీలన్నీ నావి. మీ బస్సు టైముకే వచ్చినా సరే, ఎక్కడ తప్పానో మాత్రం మైకులో చెప్పి వెళ్లండి.

ఇట్లు,
వెనకవరస ప్రేక్షకుడు,
ఒకప్పటి పోస్టుమాన్ వేషధారి